గై యను పదము

మా తరగతిలో నొక బాలిక తోడి బాలికలను "గైస్" అని పిలువగా వింటిమి. పురుషవాచకముతో స్త్రీలను బిలుచుట తగదనియు, అది నీచపు మాటయనియు నొక పండితమిత్రు డాక్షేపించెను.

నీచత్వమును ముందు విచారింతము. 1605లో లండను పార్లమెంటును తుపాకిమందుతో బేల్చివేయ బన్నిన కుట్రలో గై ఫాక్సు అనువాడు పట్టుబడెను. ఏటేట నవంబరు 5వ తేదీని వాని బొమ్మను దగులబెట్టుట ఇంగ్లండున నాచారమయ్యెను. ఆ బొమ్మకు గై యని పేరు. 19వ శతాబ్దమున వికారవేషము గలవానికి నదియే పేరయ్యెను. అమెరికాలో నిందపోయి "మనిషి" యను నర్థము మిగిలెను. సంస్కృతమున దీనికి విపర్యయము గలదు: అశోకుని బిరుదమైన "దేవానాంప్రియ" శబ్దమునకు దరువాతి వైయాకరణులు మూర్ఖుడని యర్థము చెప్పిరి. చక్రవర్తి బిరుదము తిట్టయ్యెను. కుట్రదారుని పేరు పలుకరింపయ్యెను! పుట్టుకనుబట్టి పదమును వెలివేయుట మాకు సమ్మతము గాదు.

ఇక రెండవ యాక్షేపము. ఆంగ్లమున "యూ" యనునది యేకవచనమునకును బహువచనమునకును జెల్లుటచే, పలువురను బిలుచునపుడు "యూ గైస్" అనుట వారి కక్కఱకు వచ్చినది. అందు స్త్రీలును జేరుదురందురు. బహువచనమున నిజమే. కాని యొక స్త్రీని జూపి "ఆ గై" యని యెవ్వరు ననరు. ఈ సమత్వము సగపాలే. మన "మీరు"నకు లింగభేదము లేదు.

ఈ మాటయే యా బాలికకు జెప్పితిమి. ఆమె నవ్వి, "మీరు అని కేకవేయలేము గదా మాస్టారూ! స్నేహితురాండ్రను ఏమండీ యందుమా? ఏమే, ఒసే యని పిలిపించుకొనుట మాకిష్టము లేదు" అనెను.

మాయొద్ద నుత్తరము లేకపోయెను.