వేడి సోకని అటకలు

ఉత్తర ఇటలీలో వెరోనాకు పైన ఉండే వాల్పొలిచెల్లా కొండల్లో, కోసిన ద్రాక్షను ఆరబెట్టి చేసే అమరోనె అనే ఎర్ర వైన్ తయారవుతుంది. 1968లో ఈ ప్రాంతపు వైన్ల పేరుకు చట్టరక్షణ దక్కింది. 2010లో అమరోనెకు ఇటలీలో అన్నిటికన్నా పై హోదా ఇచ్చారు. దాని నిబంధనలు చదువుతుంటే, రాసినవాళ్లకు ద్రాక్షతోట పని క్షుణ్ణంగా తెలుసని ఇట్టే అర్థమవుతుంది.

హెక్టారుకు 12 టన్నులకు మించి కాయించకూడదు. అందులో ఆరబెట్టడానికి వాడుకోదగ్గది మామూలుగా 65 శాతం దాకానే. అందుకే కోతలో ప్రతి గుత్తినీ తిప్పి చూడాల్సిందే. పండ్లు మరీ ఒత్తుగా ఉంటే నడుమ గాలాడక బూజు పడుతుంది. పగిలిన పండు ఒక్కటున్నా పక్కవాటికి ముప్పే. వదులుగా, ఆరోగ్యంగా ఉన్న గుత్తులనే ఏరుతారు. ప్రధాన రకం కొర్వీనా. తొక్క మందం కాబట్టి నెలల తరబడి ఆరబెట్టినా తట్టుకుంటుంది.

గుత్తులను ఒకదానిమీద ఒకటి పడకుండా ఒక్క వరసగా పరుస్తారు. పూర్వం అటకల మీద రెల్లు తడికెలు ఉండేవి. ఇప్పుడు ఎక్కువగా ట్రేలు. నాకు అమితంగా నచ్చే నిబంధన ఇక్కడిదే: ఫ్యాన్లు పెట్టుకోవచ్చు, తేమ లాగే యంత్రాలూ పెట్టుకోవచ్చు, వేడితో మాత్రం ఆరబెట్టకూడదు. వేడి పెడితే నీరు త్వరగానే పోతుంది. కానీ కోసిన పండులో జీవక్రియ వెంటనే ఆగదు. నిదానంగా ఆరుతున్నకొద్దీ దాని పులుపు తగ్గుతుంది, వాసనలు మారతాయి. ఆ మార్పులకు వ్యవధి కావాలి. అందుకే మామూలుగా డిసెంబరు 1కి ముందు ఆ ద్రాక్షను నలగ్గొట్టకూడదన్నారు. అప్పటికి బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తగ్గిపోతుంది. తొక్క ముడతలు పడుతుంది, తొడిమ గోధుమరంగుకు తిరుగుతుంది.

చలికాలం, పైగా చిక్కటి తీపి రసం. ఈస్ట్ మెల్లగా పనిచేస్తుంది. పులియడాన్ని మధ్యలో ఆపేస్తే రెచోతో అనే పాత తీపి వైన్ అవుతుంది. దాదాపు చివరిదాకా పులియనిస్తే అమరోనె. ఆల్కహాల్ కనీసం 14 శాతం ఉండాలి. కోత తర్వాత వచ్చే జనవరి 1 నుంచి కనీసం రెండేళ్లు మాగాలి. కోసిన 100 కిలోల ద్రాక్షకు 40 లీటర్లకు మించి అమరోనె తీయకూడదు. తాగితే ఎండు చెర్రీల రుచి, చివర్లో సన్నటి చేదు.

వైన్ తీశాక మిగిలిన తొక్కల్లో ఇంకా సారం ఉంటుంది. వాటిమీద మామూలు వాల్పొలిచెల్లా వైన్ పోసి మళ్లీ పులియబెడితే రిపాస్సో వస్తుంది. దానికీ విడిగా నిబంధనలున్నాయి.