ప్రధానగాయకునికి

ప్రియ చదువరీ, కీర్తనల గ్రంథమును చదువునప్పుడు పైన ముద్రింపబడిన శీర్షికలను కూడ మీరు చదువుదురా? మనలో అనేకులము వాటిని దాటి మొదటి వచనమునకు పోవుదుము. కుటుంబ ప్రార్థనలో పిల్లవాడెవడైనను దానిని కూడ చదువబోయినయెడల “అది కాదు, క్రింద నుండి చదువు” అందుము. అయితే 150 కీర్తనలలో 55 కీర్తనల శిరస్సున ఒక మాట కలదు. ఆ కీర్తన ప్రధానగాయకునికి అప్పగింపబడినదని ఆ మాట తెలుపుచున్నది. అతని పేరు అక్కడ లేదు. వ్రాసినవాడు రాజే అయినను, ఆ కీర్తన జనుల నోటికి చేరుటకు ముందు ఈ పేరులేని మనుష్యుని చేతిమీదుగా పోవలసియుండెను. నేను వ్రాయబూనినది అతనిని గూర్చియే. మన ఆలయములలో అతనిని క్వయరు మాస్టరు అని పిలుచుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఈస్టరు ఉదయమున నేనొక పట్టణపు ఆలయములో కూర్చుంటిని. ఏ ఆలయమో చెప్పను. గాయక బృందములో ఇరువదిమంది యువతీ యువకులుండిరి. ఆరు వారములు సాధన చేసిరని పాదిరిగారు చెప్పిరి. ఆ సంగతి వారి పాటలోనే తెలిసెను. గొంతులు కలిసెను, మాటలు స్పష్టముగా వినబడెను. వారు ఎత్తుకొన్నది పాత కీర్తనయే, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములోనిదే. కాని మెట్టు మార్చిరి. నా ముందు వరుసలో ఒక వృద్ధురాలు కూర్చుండెను. ఆమెకు చదువు రాదు గనుక చేతిలో పుస్తకము లేదు. పల్లవి మొదటి మాట చెవిని పడగానే ఆమె గొంతెత్తెను. రెండవ మాట యొద్ద మెట్టు వేరొక త్రోవను పోగా ఆమె ఆగెను. మరల ప్రయత్నించెను. మరల ఆగెను. మూడవ చరణము వచ్చుసరికి చేతులు ఒడిలో పెట్టుకొని బృందమువైపు చూచుచు ఊరకుండెను. ఆరాధన ముగిసిన తరువాత “పాట ఎట్లున్నదమ్మా?” అని అడిగితిని. “పిల్లలు బాగా పాడినారయ్యా. అది మనకు రాదు గదా” అనెను. చిన్ననాటి నుండి ఆమె పాడిన కీర్తన ఆ యుదయమున ఆమెకు రానిదాయెను!

ఆ ఇరువదిమందిలో ఎవరి మీదను నాకు ఫిర్యాదు లేదు. ఆలయములో పాడు యౌవనస్థులను దేవుడు దీవించును గాక. నా ఫిర్యాదు వారిని నడిపించిన వానితోనే. ఆరు వారములు ఇరువదిమందికి నేర్పినవాడు, వారితో కూడ పాడవలసిన మూడువందలమందికి ఆరు నిమిషములైనను నేర్పలేదు. ఆ దినమున పాడిన పాట మంచిదా చెడ్డదా అని నన్నడిగిన మంచిదే అందును. ఆ నాయకత్వము మంచిదా అని అడిగినయెడల మాత్రము కాదందును.

ఇట్టి వృద్ధురాండ్ర నోటికి పాట నందించుటకై తన జీవితమును వెచ్చించిన ఒక స్త్రీ వృత్తాంతము ఇంగ్లండు దేశపు సంఘ చరిత్రలో కలదు. ఆమె పేరు శారా గ్లోవరు (1786–1867). నార్విచ్ పట్టణములో ఒక పాదిరిగారి కుమార్తె. ఆలయములో గానము నడిపించుటయు బీద పిల్లలకు పాట నేర్పుటయు ఆమెకు పని. ఐదు గీతల మీద చుక్కలు పెట్టి వ్రాయు స్వరలిపి చదువుట ఆ పిల్లలకు కష్టమాయెను. కాబట్టి ఆమె స్వరముల పేర్ల మొదటి అక్షరములను నిచ్చెన మెట్లవలె ఒకదానిపై నొకటి వ్రాసి, కర్రతో వాటిని చూపుచు పాడించెను. పిల్లలు గీతలను విడిచి మెట్లెక్కిరి. 1835లో ఆమె ఒక పుస్తకము ప్రకటించెను. దాని పేరునకు తెలుగున అర్థము చెప్పిన, కీర్తనగానమును సంఘమంతటి గానముగా చేయు పద్ధతి యని వచ్చును. క్వయరు మాస్టరులు ఆ పేరొక్కటి గోడకు తగిలించుకొనినను చాలునని నాకు తోచుచుండును.

1841లో హల్ పట్టణమున కూడిన ఆదివారపు బడుల ఉపాధ్యాయులు జాన్ కర్వెను (1816–1880) అను యౌవన బోధకునికి ఒక పని నప్పగించిరి. పిల్లలకు పాట నేర్పుటకు మిక్కిలి సులువైన పద్ధతి ఏదో కనుగొనుమనిరి. విచిత్రమేమనగా ఆయన సంగీతము నేర్చినవాడు కాడు. బహుశః అందుచేతనే ఆయన ఆ పనికి తగినవాడాయెనేమో! తనకు అర్థము కానిది పిల్లలకు ఎందుకు అర్థము కాదో ఆయనకు తెలియును. గ్లోవరమ్మగారి పుస్తకము ఆయన చేతికి వచ్చెను. ఆమె పద్ధతిని తీసికొని, మార్చి, పెంచి, టానిక్ సోల్-ఫా అను పేరుతో వ్యాపింపజేసెను. ఆమె ననుమతి అడుగకయే మొదట మార్పులు చేసెను. అది తగిన పని కాదని నేను చెప్పక తప్పదు. ఆమె పేరును మాత్రము ఆయన దాచలేదు. 1864లో ఆయన తన సంఘ పరిచర్యను విడిచి, మిగిలిన ఆయుష్షు అంతయు ఈ పనికే ఇచ్చెను.

ఈ పద్ధతిలో రెండు మేళ్లు గలవు. మొదటిది అచ్చునకు సంబంధించినది. మామూలు అక్షరములు, చుక్కలు, గీతలు ఉన్న చాలును. సంగీతపు అచ్చునకు వేరే దిమ్మెలు అక్కరలేదు. మిషను అచ్చుకూటములు దీనిని ప్రేమించుటలో ఆశ్చర్యమేమి? మడగాస్కరు మొదలుకొని మన దేశములోని మిజో కొండల వరకు ఈ యక్షరములతో పాటల పుస్తకములు అచ్చాయెను. మిజో సంఘములలో సామాన్య విశ్వాసులు నేటికిని ఈ లిపిని చూచి నాలుగు స్వరభాగములలో పాడుదురు. రెండవ మేలు ఇంకను లోతైనది. ఐదు గీతల లిపిలో స్వరము యొక్క ఎత్తు ముందే నిర్ణయింపబడును. సోల్-ఫాలో ‘డో’ అను స్వరము కదలును. పాడువారి గొంతునకు ఎక్కడ సుఖమో అక్కడ దానిని నిలిపి, తక్కినవాటిని దానినిబట్టి లెక్కించుకొందురు.

చదువరీ, ఇక్కడ ఒక్క నిమిషము ఆగుడి. ఇది మనకు కొత్తదా? మన స రి గ మ లలో షడ్జము కదలదా? గాయకుడు తన గొంతునకు తగిన శ్రుతి యెంచుకొని, అదే ‘స’ అనుకొని పాడును. సరళీ వరుసలు నేర్చిన ప్రతి పల్లెటూరి పిల్లకు ఇది తెలియును. ఇంగ్లండులో అంత శ్రమతో బీద పిల్లల నిమిత్తము సిద్ధపరచిన మూలసూత్రము మన వీధి బడులలో అదివరకే యుండెను. సోల్-ఫా పుస్తకము పట్టుకొని మన పిల్లలకు డో రే మీ నేర్పిన ఉపాధ్యాయులు “ఇది నీ సరిగమయే నాయనా” అని చెప్పియుండినయెడల ఎంత మేలు! మనలో అనేకులము రెంటిని రెండు వేరు లోకములుగా నేర్చి, తుదకు రెంటిని పోగొట్టుకొంటిమి.

పోగొట్టుకొంటిమని ఊరక అనుటలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి. దావీదు కీర్తనలకు వలెనే వాటికిని శీర్షికలు గలవు. రాగము ఫలానా, తాళము ఫలానా అని యుండును. కొన్నిటికి ‘ఛాయ’ అని వేసి, జనులకు అదివరకే వచ్చిన వేరొక పాట మొదటి మాటలు ముద్రించిరి. ఆ పాట మెట్టున దీనిని పాడవలెనని భావము. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన భక్తులు ఊరకే కవిత్వము వ్రాసి, మెట్టు ఎవరైన కట్టుకొందురులే యని విడిచినవారు కారు. పశ్చాత్తాపమునకు ఒక రాగము, ఆనందమునకు వేరొక రాగము ఏర్పరచిరి. నేడు ఆ శీర్షికను చదువు క్వయరు మాస్టరు ఎక్కడ? కీర్తన సంఖ్య చెప్పుదుము, పల్లవి ఎత్తుకొందుము. ఇప్పుడు గోడమీది తెరపై మాటలు చూపుచున్నారు. ఆ తెర మీదికి శీర్షిక రానేరాదు.

దీనివలన కలుగు నష్టము ఊహ మాత్రము కాదు. త్రిపుట తాళమున్నది. సాధారణముగా మనము ఎరిగినది మూడును రెండును రెండును కలిసి ఏడు అక్షరముల నడక. కీబోర్డులో ముందే అమర్చియుంచిన వాయింపులలో ఎక్కువ వాటికి నాలుగు గాని మూడు గాని లెక్క. మీట నొక్కగానే అది నడచును, ఎవరి కొరకును ఆగదు. ఏడు అక్షరముల కీర్తనను దానికి కట్టినయెడల ఒక అక్షరమును సాగదీయవలెను. ఎక్కడ సాగదీయుదురో మీరు వినియున్నారు, మాట నడుమనే. యేసు నామము రెండు ముక్కలగును, క్రియాపదపు తోక తరువాతి దెబ్బకు పోవును. ముఖారి వంటి రాగములో స్వరమును ఊపి పలుకవలసిన చోట కీబోర్డు మెట్టు ఒక్కటే నిలువుగా మ్రోగును. దాని క్రింద నాలుగు భాగముల శ్రుతి కట్టుట చలిమిడికి పచ్చడి నంజుటవలె నుండును. సోల్-ఫా అక్షరములకును ఈ లోపము కలదు. గమకమును అవి వ్రాయలేవు. ఇంగ్లీషు మెట్టుల మీద మనము పాడు పాటలకు నాలుగు భాగములు అందమే, వాటిని నేను ప్రేమించుదును. ఏ పాటకు ఏ వస్త్రము తగునో ఎరుగుటకే గదా నాయకుడు?

22వ కీర్తన శీర్షికలో ఉదయపు లేడి యని అర్థమిచ్చు హెబ్రీ మాటలున్నవి. అది ఆ కీర్తనను పాడవలసిన మెట్టు పేరని పండితులు అనేకులు చెప్పుదురు. అనగా అది కూడ ఒక ‘ఛాయ’యే. మన ప్రభువు సిలువ మీద తలంచిన కీర్తనకు ఒక మెట్టుండెను. దానిని నేడు పాడగలవారు భూమిమీద లేరు. పేరు మిగిలెను, పాట పోయెను.

క్వయరు మాస్టరును ఇంత నిందించితిని గనుక సంఘమును కూడ విడువరాదు. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయములో ఆసాపు, హేమాను, యెదూతూనుల క్రింద నేర్పు పొందిన గాయకులు 288 మంది. గురువు శిష్యుడు అను భేదము లేక వారు తమ వంతులకు చీట్లు వేసికొనిరి. అదే గ్రంథము 9వ అధ్యాయములో గాయకులు రాత్రింబగళ్లు తమ పనిలో నుండిరనియు, అందుచేత వారికి వేరే పని లేకుండెననియు చదువుదుము. నెహెమ్యా 13వ అధ్యాయములో మరియొక దృశ్యము: లేవీయులకును గాయకులకును రావలసిన పాలు ఇయ్యబడనందున వారు పని విడిచి ఎవని పొలమునకు వాడు పోయిరి. నెహెమ్యా గాయకులను గద్దింపలేదు. మందిరమును ఏల విడిచిపెట్టితిరని అధికారులను గద్దించెను. మన క్వయరు మాస్టరు ఎవరు? పగలు బడిలో పాఠము చెప్పి, సాయంకాలము సొంత ఖర్చుతో సైకిలు మీదనో మోటారు సైకిలు మీదనో వచ్చి, దీపాలు ఆర్పువరకు నేర్పువాడు. లౌడు స్పీకరులకు వేలు ఖర్చుపెట్టు కమిటీ అతనికి క్రిస్మసునాడు ఒక తువాలు కప్పును. అతడు సంఘమునకు నేర్పుట మాని, చప్పట్లు తెచ్చు పాటను వెదకినయెడల ఆ దోషములో కమిటీకి పాలు లేదా?

అదే దినవృత్తాంతముల మొదటి గ్రంథము 15వ అధ్యాయములో, మందసము యెరూషలేమునకు వచ్చిన దినమున, కెనన్యా అను లేవీయుడు ప్రవీణుడు గనుక నేర్పుటకు నియమింపబడెను. ఏమి నేర్పుటకు? అక్కడి హెబ్రీ మాటకు స్వరమెత్తుట యనియు బరువు మోయుట యనియు రెండర్థములు చెప్పుదురు. తర్జుమా చేసినవారు రెండు త్రోవలను పోయిరి. నాకు ఆ సందేహమే ఇష్టము. మోయువారందరి అడుగును కలుపనియెడల మందసము ఒరుగును.

మన కీర్తనల కట్టడములోనే దీనికి ఉపాయమున్నది. ప్రతి చరణము తరువాత పల్లవి మరల వచ్చును. చదువు రానివారు ఒక్క పల్లవి నేర్చుకొనినయెడల పాట పొడవునను పాడవచ్చును. చరణములు బృందమునకిచ్చి, పల్లవిని సంఘమున కిచ్చిన యెవరును మూగవారు కారు. కొత్త మెట్టు నేర్పదలచినను ఇదే దారి. పల్లవి మాత్రము ముందు వారములో నేర్పవలెను.

దీనిని చేయు నొకనిని నేను చూచితిని. ఒక పల్లెలో, శనివారము రాత్రి, కూలిపనినుండి వచ్చిన స్త్రీలు గుడి అరుగు మీద కూర్చుండిరి. ఆ బడిపంతులు కీబోర్డు తేలేదు. ఒక్క పంక్తి పాడి, చేతితో తాళము వేయుచు, వారు తిరిగి పాడువరకు ఊరకుండెను. ఎవరికి ముందు వచ్చెనో ఆమెను లేపి, “నీవు చెప్పమ్మా వీరికి” అని తాను వెనుకకు పోయి కూర్చుండెను. ఆమె తప్పు పాడినచోట నవ్విరి, ఆమెయు నవ్వెను, మరల పాడెను. అంతా అయిన తరువాత ఆయన నాయొద్దకు వచ్చి, నలిగిన కీర్తనల పుస్తకమును తెరచి, కీర్తన పైనున్న చిన్న అక్షరముల మీద వ్రేలు పెట్టి, “ఇందులో ఉన్నట్లే వచ్చిందా అండీ?” అని అడిగెను. వచ్చెను. ఆదివారమునాడు ఆయన రెండవ వరుసలో నిలిచెను. పల్లవి ఎత్తినది ఆ స్త్రీయే.