పేలని గింజలు

తొలి ఏకాదశి నాడు ఈ కాలమిస్టు పొయ్యి ముందు నిలబడ్డాడు. మూకుడు ఒకటే, సెగ ఒకటే, జొన్నలు ఒకే సంచీలోవి. కొన్ని టపటపా పేలి గచ్చు మీద పడ్డాయి. కొన్ని మాడాయి. పిడికెడు గింజలు మాత్రం పక్కవాటి గోల తమకేం పట్టనట్టు గుండ్రంగా అలాగే ఉండిపోయాయి. ఆయన వాటిని ఏరి పళ్ళెంలో పోసుకుంటుంటే, పేలాల పిండికి బెల్లం కొడుతున్న ఇంటావిడ, "పేలినవి వదిలేసి పేలనివి ఏరుకునే మనిషిని మిమ్మల్నే చూశానండీ" అంది.

పాత పాఠకులకు ఆయన గోడు తెలిసిందే. అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలన్న సామెతతో ఆయనకు ఏళ్ళ నాటి పేచీ. సగటు మార్కులు, సగటు వర్షపాతం, సగటు ఆదాయం... ఆ మాట ఎక్కడ కనబడినా కలం దూస్తాడు.

జీవశాస్త్రమూ చాలాకాలం సగటుతోనే కాపురం చేసింది. కోట్ల కణాల్ని ఒకే గొట్టంలో వేసి కొలవడం, భాగించడం. సగం కణాలు పూర్తిగా పనిచేసి సగం ఊరకున్నా, అన్నీ సగం సగం పనిచేసినా, ఆ లెక్కకు ఒకటే. 1957లో ఆరన్ నోవిక్, మిల్టన్ వైనర్ ఈ మాయను పట్టేశారు. ఈ. కోలై బ్యాక్టీరియా పాల చక్కెరను అరిగించుకునే ఎంజైము తయారుచేస్తుంది. దాన్ని పురిగొల్పే రసాయనం తక్కువగా వేస్తే గొట్టంలో ఎంజైమూ తక్కువే. కానీ ప్రతి కణమూ కొంచెం కొంచెం చెయ్యడం లేదు. కొన్ని పూర్తిగా చేస్తున్నాయి, మిగతావి అసలు చెయ్యడం లేదు.

ఒకే తల్లి కణం చీలి పుట్టినవే కదా, ఎందుకీ తేడా? 2002లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో మైకేల్ ఎలోవిట్జ్ బృందం ముచ్చటైన ఉపాయం పన్నింది. ఒకే బ్యాక్టీరియాలో మెరిసే ప్రోటీన్ల జన్యువులు రెండు పెట్టి, రెంటికీ ఒకే రకం స్విచ్చు బిగించారు. ఫొటోలో ఒకదానికి ఎరుపు, ఇంకోదానికి ఆకుపచ్చ. తేడాకి తిండో, కణం సత్తువో కారణమైతే రెండూ కలిసే పెరగాలి, కలిసే తగ్గాలి, రెండు రంగులూ కలిసి కణాలన్నీ పసుపుగా కనబడాలి. అలా కనబడలేదు. ఒకటి ఎర్రగా, దాన్ని ఆనుకున్నది ఆకుపచ్చగా, ఇంకోటి నారింజగా! ఒకే కణంలో ఒకే స్విచ్చు రెండు తీర్లుగా పలికింది. కణంలో జన్యువు ప్రతులు ఒకటో రెండో, దాన్ని నడిపే అణువులు ఒక్కోసారి పదీ పరకే. అంత కొద్దిమందిలో ఎవరు ఎవరికి ఎప్పుడు తగులుతారన్నది లాటరీ.

కాలమిస్టు చంకలు గుద్దుకుని "సగటు చచ్చింది" అని శీర్షిక కూడా రాసిపెట్టుకున్నాడు.

డబ్లిన్ డాక్టరు జోసెఫ్ బిగర్ అడ్డొచ్చాడు. 1944లో, పెన్సిలిన్ కొత్త రోజుల్లో, ఆయన స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా మీద మందు పోస్తే పది లక్షలకు దరిదాపు ఒకటి బతికేది. మందుకు లొంగని కొత్త జాతేమోనని ఎవరైనా అనుకుంటారు. బతికినవాటిని పెంచి మళ్ళీ మందు పోస్తే వాటి సంతానం మొదటివాటిలాగే చచ్చింది, మళ్ళీ ఏవో కొన్ని మిగిలాయి. వాటికి పర్సిస్టర్లని పేరు పెట్టాడు. పెన్సిలిన్ దెబ్బ ఎదిగే కణం గోడ మీద. ఎదగని కణానికి తగలదు. 2004లో నతాలీ బలబాన్ బృందం సన్నటి గాళ్ళలో ఈ. కోలైని వరుసగా పెంచి చూస్తే, బతికినవి మందు రాకముందు నుంచే ఎదుగుదల మందగించి ఉన్నాయి.

అంటే ఆ ఒక్కటీ మొండిదీ కాదు, వీరుడూ కాదు. కునుకు తీస్తోంది, అంతే. ఏ కణానికి కునుకు పడుతుందో ముందే చెప్పడం కష్టం. పది లక్షల్లో ఎన్నిటికి పడుతుందో మాత్రం చెప్పొచ్చు. ఆ లెక్క తేలాలంటే మళ్ళీ కుండంతా చూడాల్సిందే. సగటును తిట్టిన తిట్లలో సగం ఆయన వెనక్కి తీసుకుంటున్నాడు.

సాధారణ క్షయకు మందులు ఆరు నెలలు వాడమనడానికి ఒక ముఖ్య కారణం ఈ కునుకు కణాలే. చాలామందికి రెండు నెలలు తిరగకుండానే దగ్గు తగ్గుతుంది, ఒళ్ళు చేస్తుంది. మీ ఇంట్లోనో వీధిలోనో ఎవరైనా తగ్గిపోయిందని మాత్రలు అటకెక్కిస్తే, దింపించండి.