హ్యారీ బ్రూక్‌ని వదిలేస్తే భారం ఎవరిది?

2022 డిసెంబరు వేలంలో హ్యారీ బ్రూక్‌ని సన్‌రైజర్స్ హైదరాబాద్ 13.25 కోట్లకు కొన్నది. ఒక్క సీజన్ ఆడించి వదిలేసింది. ఆ సొమ్మంతా మళ్ళీ పర్సులోకి వచ్చేసింది. మా చాల్లో అందరూ "మంచి పని" అన్నారు. నాకలా అనిపించలేదు.

అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్.హెచ్.ఎల్.లో ఒప్పందం మధ్యలో ఆటగాణ్ణి వద్దనుకుంటే, మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు ఇవ్వాలి. మిగిలిన ఏళ్ళకు రెట్టింపు కాలం దాకా ఆ భారం జట్టు జీతాల పరిమితిలో లెక్కకొస్తుంది. 26 ఏళ్ళ లోపువాళ్ళకు మాత్రం మూడో వంతే. అది అన్యాయమే.

బ్రూక్‌ని తర్వాత ఢిల్లీ 4 కోట్లకు కొన్నది. మరి 30 లక్షల కుర్రాణ్ణి వదిలేస్తే ఎవరు కొంటారు?

మిల్లులో వి.ఆర్.ఎస్. తీసుకున్న మా తాతయ్య అంటారు: "మనిషిని పంపెయ్యడం అంత తేలిక కాకూడదురా."