గేర్ల సంఖ్యయే నాణ్యతా?

కొండదారులకై చేసిన సైకిళ్లలో వెనుక స్ప్రింగు లేక, ముందు ఫోర్కునకు మాత్రమే స్ప్రింగు గలదానిని హార్డ్‌టెయిల్ అందురు. దీనిని మొదటిసారి కొనువారికి తరచుగా వినిపించు మాట "21 గేర్లు" అనునది. గేర్లు పెరిగినకొలది నాణ్యత పెరుగునను ఈ వాదము లెక్కకు నిలువదు.

ముందు 42, 34, 24 పళ్ల చక్రములు మూడు, వెనుక 14 మొదలు 28 పళ్ల వరకు ఏడు ఉన్నవనుకొందము. పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనుక చక్రము తిరుగునది కనిష్ఠముగా 24/28, అనగా 0.86 చుట్లు, గరిష్ఠముగా 42/14, అనగా 3 చుట్లు. ముందు 32 పళ్ల చక్రమొక్కటే ఉండి, వెనుక 10 మొదలు 51 పళ్ల వరకు 12 చక్రములున్నచో ఆ విలువలు 0.63, 3.2 అగును. అనగా 12 గేర్ల పరిధియే పెద్దది. 21 గేర్లలో పెక్కు ఇంచుమించు ఒకే నిష్పత్తిని మరల మరల ఇచ్చునవే.

అసలు భేదము వెనుక ఇరుసులో కలదు. చవక సైకిళ్లలో ఫ్రీవీలును హబ్బునకు మరతో బిగింతురు. కుడి బేరింగు దానికి లోపలివైపున ఉండుటచే ఇరుసు కొనకు ఆధారము తగ్గి, పెద్ద కుదుపులకు అది వంగవచ్చును. 1978లో షిమానో సంస్థ తెచ్చిన ఫ్రీహబ్బులో ఆ బేరింగు ఇరుసు చివరకు జరిగినది.

ఫోర్కును గట్టిగా నొక్కి వదలి చూడవలెను. వెంటనే ఎగిరిపడినచో, స్ప్రింగు శక్తిని అణచు ఏర్పాటు లేదన్నమాట. నూనె డంపరు ఆ శక్తిని చాలవరకు వేడిగా మార్చును; అందుచే టైరు నేలను అంటిపెట్టుకొనును.

చదునైన రోడ్డుపై బడికి పోవుటకు ఫ్రీవీలు చాలును. రాళ్లదారిని దిగువానికి మాత్రము ఈ రెండు భాగములే ముఖ్యములు.