ఫలితాల పట్టికలో కనిపించని కులం

పదోతరగతి ఫలితాలు రాగానే సర్కారు హైస్కూలు శాతాన్ని కార్పొరేట్ స్కూలు శాతం పక్కన పెట్టి తూస్తారు. ఇది దొంగ తక్కెడ. పత్తిచేలకు పోయి బడి మానిన రోజులు, ఖాళీగా పడున్న లెక్కల టీచరు పోస్టు ఇందులో తూగవు.

పిల్లలందరికీ ఒకే పొరుగుబడి ఉండాలని 1966లోనే కొఠారీ కమిషన్ చెప్పింది. ఉన్నవాళ్లు కాన్వెంట్లకు తరలిపోయారు. ఊరుమ్మడి బడి వాడబడిగా మిగిలింది.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81వ జీవోతో ఈ బళ్లలో ఇంగ్లీషు మీడియం పెడతామంటే, తమ పిల్లల్ని అందులోనే చదివించుకున్న పెద్దమనుషులకు అమ్మభాష గుర్తొచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తెలుగు మీడియం ఎంచుకునే వీలు తీసెయ్యడం జీవోలోని లోపమే. కానీ డబ్బున్నోడికి ఆ ఎంపిక ఎప్పుడూ ఉంది, వాడకెప్పుడుంది?

శాతాలడిగే ముందు ఇదడగాలి: ఈ బెంచీల మీద ఎవరి పిల్లలు లేరు? ఎందుకు లేరు?