కండక్టరు ఎక్కిన మెట్లు

ఒకప్పటి లండన్ డబుల్ డెక్కర్ బస్సులో డ్రైవరు, కండక్టరు తిరిగేది ఒకే రూటులో, పీల్చేది ఒకే పొగ. డ్రైవరు షిఫ్టు దాదాపు అంతా సీట్లోనే గడిచిపోయేది. కండక్టరు మాత్రం టికెట్లు కొడుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. డాక్టర్ జెర్రీ మోరిస్ బృందం 1953లో ‘లాన్సెట్’ పత్రికలో లెక్కలు బయటపెడితే, గుండెజబ్బు కండక్టర్లకే తక్కువని తేలింది.

అసలు నడుము లావున్నవాళ్లే డ్రైవర్లుగా చేరారేమో? ఈ అనుమానం మోరిస్‌కూ వచ్చింది. యూనిఫాం రికార్డులు తిరగేసి ప్యాంట్ల నడుం కొలతలు చూశాడు. నిజంగానే డ్రైవర్ల ప్యాంట్లు చిన్న వయసు నుంచే పెద్ద సైజువి! ఆ సంగతి దాచకుండా 1956లో తనే అచ్చువేశాడు. ఇలాంటి పరిశోధకుణ్ణి నమ్మబుద్ధేస్తుంది.

తర్వాత ఆయన దృష్టి కుర్చీ ఉద్యోగుల మీద పడింది. 1968–70 మధ్య దాదాపు 17 వేల మంది బ్రిటిష్ ప్రభుత్వోద్యోగులు, అందరూ నలభై దాటినవాళ్లే, శుక్ర, శనివారాల్లో ఏంచేశారో సోమవారం పొద్దున ఐదేసి నిమిషాల లెక్కన రాసిచ్చారు. సెలవు వేళల్లో ఒళ్లు బాగా వంచి పనిచేసినవాళ్లకు గుండెజబ్బు ముప్పు మిగతావారిలో మూడో వంతే.

అంటే కుర్చీలో కూర్చునేవాడికీ దారి ఉంది. కానీ కండక్టరుకున్న సుఖం వీళ్లకు లేదు. మెట్లెక్కాలా వద్దా అని కండక్టరు రోజూ తర్జనభర్జన పడనక్కర్లేదు, ఉద్యోగమే ఎక్కించేది. హైదరాబాద్ హైటెక్ సిటీలో చాలా ఆఫీసులు ఇందుకు తలకిందులు. గుమ్మం దాటగానే తళతళలాడే లిఫ్టులు. మెట్లెక్కడని సెక్యూరిటీ గార్డుని అడగాలి. మూలనున్న బరువైన ఫైర్ డోరు తోస్తే ఉక్కపోత, మసక లైటు, అడ్డంగా ఖాళీ నీళ్ల క్యాన్లు. అంతా ఎక్కి పైకెళ్తే, అక్కడి తలుపు బ్యాడ్జి లేనిదే తెరుచుకోదు. ‘‘లిఫ్టు పనిచేయట్లేదా సార్?’’ అని పలకరింపు ఒకటి. పొద్దున కేబీఆర్ పార్కు చుట్టూ చెమటోడ్చిన మనిషే పదింటికి మూడో అంతస్తు లిఫ్టు కోసం క్యూలో నిలబడతాడు. తప్పు అతనిది సగమే, మిగతా సగం భవనం ప్లాను గీసినవాళ్లది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. కదలిక ఏకబిగిన పది నిమిషాలైనా ఉంటేనే లెక్కలోకొస్తుందన్న పాత షరతు ఇప్పుడు లేదు. రెండంతస్తులు ఎక్కినా జమే. రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చునేవాళ్ల సంగతి వేరు. అంతసేపు కూర్చున్న నష్టం పూడాలంటే రోజుకు గంట నుంచి గంటంపావు శ్రమ కావాలని 2016లో ‘లాన్సెట్’లోనే వచ్చిన విశ్లేషణ చెప్పింది. డెడ్‌లైన్ల మధ్య అది మాటలు కాదు.

అదే మార్గదర్శకాల్లో ఇంకో మాటుంది: వారానికి కనీసం రెండ్రోజులు కండరాలకు పని. మనవాళ్లు దీన్ని వినిపించుకోరు. వాకింగ్ షూస్ కొనుక్కునే పెద్దమనిషి గుంజీలు తీయమంటే నవ్వేస్తాడు. బళ్లో శిక్షగా తీయించిన పుణ్యమేమో! చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు అరచేతులు ఆన్చి దండీలు పది. మీటింగుకీ మీటింగుకీ మధ్య ఐదు నిమిషాల్లో అయిపోతాయి. మరీ మొహమాటమైతే కెమెరా ఆపేసుకోవచ్చు.